ఆగకూడని చుక్క

ఆ వానాకాలం మా అత్తయ్య గుండెకి ఒక తలుపు పెట్టారు.

తలుపంటే తలుపు కాదు. కుడి మెడ ఎముక కింద చిన్న గాటు పెట్టి, సన్నటి గొట్టం ఒకటి గుండె పక్కనున్న పెద్ద రక్తనాళంలోకి దింపారు. దాని రెండో కొస బయట ఉంటుంది. ఆ కొసకి నడుముకి కట్టుకునే పంపు, పంపులో మందు. అది పగలూ రాత్రీ, తింటున్నా నిద్రపోతున్నా, చుక్క చుక్కగా లోపలికి వెళ్తూనే ఉండాలి. ఆగితే ఏమవుతుందని మా ఆయన డాక్టరుని అడిగారు. డాక్టరు ఆయన వైపు చూడకుండా కిటికీ వైపు చూశాడు.

"ఆగకూడదు," అన్నాడు.

మాది లిఫ్టులు బాగుచేసే ఇల్లు. ముందు గది ఆఫీసు, వెనక గదుల్లో కాపురం. మావయ్యా మా ఆయనా మెకానిక్కులు. మేం చూసే భవనాల్లో ఎక్కడ లిఫ్టు ఆగినా, లోపల చిక్కుకున్నవాళ్ళు ఎర్ర బొత్తాం నొక్కితే మోగేది మా ముందు గదిలోని ఫోనే. ఆ ఫోను అత్తయ్యది. మెకానిక్కు వెళ్ళేదాకా లోపలివాళ్ళతో మాట్లాడుతూ కూర్చోవడం ఆవిడ పని. ఏడ్చేవాళ్ళని లాలిస్తుంది, తిట్టేవాళ్ళ చేత తిట్టించుకుంటుంది, భయపడేవాళ్ళకి ఊపిరి ఎలా తీసుకోవాలో చెప్తుంది. మేం దించేది లిఫ్టుని, మనుషుల్ని దించేది ఆవిడే అని మావయ్య పైవాళ్ళ దగ్గర గొప్పగా చెప్పుకునేవారు. ఆవిడ దగ్గర మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

అలాంటి మనిషికి ఊపిరి చాలకుండా పోయింది. ఒళ్ళొచ్చిందని కొన్నాళ్ళు, వయసొచ్చిందని కొన్నాళ్ళు సరిపెట్టుకుంది. బట్టల బకెట్టు పెరట్లోకి మోసుకెళ్తూ కళ్ళు తిరిగి పడ్డాక గానీ ఆస్పత్రికి కదల్లేదు. ఊపిరితిత్తుల్లో రక్తనాళాలు బిగుసుకుపోయాయనీ, గుండె ఎంత తోసినా రక్తం లోపలికి పోవడం లేదనీ డాక్టరు బొమ్మ గీసి చూపించాడు.

మావయ్య ఆ బొమ్మని చాలాసేపు చూశారు. "అంటే మోటారుది తప్పు లేదు. దారి ఇరుకైంది."

"ఎంతకాలమని లాగుతుంది మోటారు మాత్రం?" అన్నాడు డాక్టరు.

మావయ్య ఆ బొమ్మని మడిచి జేబులో పెట్టుకున్నారు.

*

ఇంటికి పంపే ముందు నేర్పాల్సింది చాలా ఉందని మమ్మల్ని వార్డు చివర ఒక గదిలో కూర్చోబెట్టారు. నేర్పేది ఒక పెద్ద నర్సు. నవ్వు మొహం, కర్ర లేని పంతులమ్మ. ఇంట్లో కనీసం ఇద్దరికి పని పూర్తిగా రావాలని చెప్పింది. ఒకరు పేషెంటు. రెండోవాళ్ళు ఎవరని అడిగింది. మా ఆయనా మావయ్యా ఒకేసారి నా వైపు చూశారు.

"మగాళ్ళిద్దరూ యంత్రాలు బాగుచేసేవాళ్ళే. ఇంట్లో యంత్రానికి మాత్రం ఆడదే కావాలి," అంది అత్తయ్య మంచం మీంచి.

పెళ్ళై వచ్చిన దగ్గర్నుంచీ పాలు కాచడం కూడా నాకు రాదని ఆవిడ నమ్మకం. స్టవ్ దగ్గర నా వెనకే నిలబడేది. ఇప్పుడు ఆవిడ గుండెకి వెళ్ళే మందు నేను కలపాలట.

మందు పొడిగా చిన్న సీసాలో వస్తుంది. రోజూ కలపాలి. చేతులు మోచేతుల దాకా కడుక్కోవాలి, బల్ల తుడవాలి, సీసా మూత స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వాలి. ద్రవం పోశాక సీసాని గిలక్కొట్టకూడదు, అరచేతుల మధ్య మెల్లగా తిప్పాలి. సీసా తెరిచి ఉన్నంతసేపూ మాట్లాడకూడదు, పక్కకి తిరక్కూడదు. సిరంజిలో బుడగ ఒక్కటి కూడా మిగలకూడదు. కలిపిన మందుని కాసెట్ అనే చదునైన డబ్బాలో నింపి పంపుకి తగిలించాలి.

"ఎందుకింత శుభ్రం అంటే, ఈ గొట్టానికి మధ్యలో కాపలా లేదు," అంది నర్సు. "నోట్లో పడ్డ మురికిని కడుపు చూసుకుంటుంది. దీంట్లో పడ్డది నేరుగా గుండెకే."

నేను అత్తయ్య మెడ కింద కట్టు వైపు చూశాను. ఒక మనిషి లోపలి గదికి అంత దగ్గరగా నేనెప్పుడూ నిలబడలేదు. గుడి గడప ముందు చెప్పులు విడవాలనిపించినట్టు, ఎందుకో వెనక్కి ఒకడుగు వేశాను.

నర్సు అసలు సంగతులు చివరికి దాచుకుంది. ఈ మందు ఒంట్లో నిమిషాలే బతుకుతుందట. అందుకే ఆగకూడదు. ఆగింది కదా అని తర్వాత ఎక్కువ ఇవ్వకూడదు. డోసు మార్చేది డాక్టరే. గొట్టం మూసుకుందని సిరంజితో తొయ్యకూడదు. గొట్టంలో నిలవున్న మందంతా ఒక్కసారి లోపలికి పోతే అదీ ప్రమాదమే. అందులోంచి రక్తం తియ్యకూడదు, ఇంకో మందు ఎక్కించకూడదు. ఏ ఆస్పత్రికి వెళ్ళినా ఈ మాట ముందు చెప్పాలి. పంపు పాడైతే వాడడానికి అచ్చం అలాంటిదే ఇంకోటి, అదే డోసు పెట్టి, ఎప్పుడూ పక్కనే ఉండాలి. రెండూ పనిచెయ్యకపోతే ఏ ఆస్పత్రి దగ్గరైతే ఆ ఆస్పత్రికి పరిగెత్తి, చేతి నరంలోంచైనా మందు మొదలుపెట్టించాలి.

ఈ లోపల మావయ్య స్పేరు పంపుని తిరగేసి స్క్రూల వైపు చూస్తున్నారు. నర్సు దాన్ని ఆయన చేతిలోంచి మెత్తగా లాక్కుంది. మూత తెరవడానికి కాదు పెద్దాయనా, తెరవకుండా ఉండడానికి ఇచ్చాం అంది. అత్తయ్య పకపకా నవ్వి, ఆ నవ్వుకే ఆయాసపడింది.

*

ఇంటికి వచ్చాక మొదటి రోజులు నేను కలలో కూడా సీసాలే తిప్పాను. తర్వాత చేతులకి అలవాటైంది. ఉదయం బల్ల తుడిచి తెల్లగుడ్డ పరిస్తే ఇల్లంతా చప్పుడు తగ్గించుకునేది. సీసా మూత తీశానో లేదో అత్తయ్య ఏదో అడగబోయేది. నేను కళ్ళతోనే వద్దనేదాన్ని. ఆవిడ నోరు మూసుకునేది. ఆ ఇంట్లో ఆవిడ నా మాట వినడం అదే మొదలు. పని అయ్యాక మాత్రం వడ్డీతో సహా తీర్చుకునేది. సీసా బాగానే తిప్పావు, ఆ తిప్పుడు కూరలో గరిటెకి కూడా రానీ అనేది.

మందు ఊరికే రాలేదు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే దవడ పట్టేసి ఆవిడకి కళ్ళనీళ్ళు వచ్చేవి. రెండో ముద్దకి పోయేది. మొహం ఎర్రబడేది, అరికాళ్ళలో మంటలు పుట్టేవి. ఆ మందు లక్షణమే అదని నర్సు ముందే చెప్పింది. అత్తయ్య ఒక్కసారి కూడా మానేస్తానని అనలేదు.

ఒకరోజు ఆవిడ తల దువ్వుతూ అద్దంలో చూశాను. ఏడాదిగా నీలంగా ఉన్న పెదవులు గులాబి రంగులో ఉన్నాయి. నేను ఆ బల్ల మీద, ఈ చేతులతో కలిపిన నీళ్ళలాంటి మందు. కంటికి కనిపించనంత చుక్క. అది వెళ్ళి ఎక్కడో లోపల, ఎవరూ చూడని చోట, మూసుకున్న దారులు ఒక్కొక్కటే తెరుస్తోంది. దువ్వెన నా చేతిలో ఆగిపోయింది.

"ఏంటే, పేను కనబడిందా?" అంది అత్తయ్య.

లేదన్నాను. మళ్ళీ దువ్వడం మొదలుపెట్టాను.

వానలు ముదిరేసరికి ఆవిడ మళ్ళీ ముందు గదిలోకి, ఫోను దగ్గరికి వచ్చేసింది. వానాకాలం మాకు కోతల కాలంలాంటిది. లిఫ్టుల అడుగు గుంతల్లో నీళ్ళు చేరతాయి, తీగలు తడుస్తాయి, లిఫ్టులు ఎక్కడివక్కడ ఆగుతాయి. మగాళ్ళు పొద్దున వెళ్తే ఎప్పుడొస్తారో తెలియదు. మావయ్యకి ఆ కాలంలో ఒకటే బెంగ, చెమ్మ. చెమ్మ తగిలితే బ్యాటరీ సెల్లు కారుతుంది, సెల్లు కారితే యంత్రం పోతుంది. అందుకని వాడకంలో లేని ప్రతి వస్తువులోంచీ, రేడియో కానీ గడియారం కానీ, సెల్లు తీసేసి, సొరుగులో ఉన్న కొత్తవాటితో కలిపి, తన సంచిలో గాలి చొరని డబ్బాలో పెట్టుకునేవారు. ఏటా చేసే పనే. మేమెవరం పట్టించుకోలేదు.

*

ఆ మధ్యాహ్నం వాన గోడ కట్టినట్టు కురుస్తోంది. ఫోను మోగింది. చిక్కుకున్నది ఒక వకీలు. పై అంతస్తుల మధ్య ఎక్కడో ఆగిపోయాడు, ఒక్కడే ఉన్నాడు. ముందు కేసు వేస్తానన్నాడు. తర్వాత గొంతు మారింది. తలుపు సందులో చేతులు పెట్టి లాగుతున్నాననీ, కొంచెం తెరుచుకుందనీ, కింద అంతస్తు కనిపిస్తోందనీ, దూకేస్తాననీ అన్నాడు. రిసీవరు ఎత్తినా మా ఫోనులో స్పీకరు కూడా పలుకుతుంది, ఆ మాట నాకూ వినబడింది. మా పనిలో ప్రాణాలు పోయేది అక్కడే. లిఫ్టు పడి ఎవరూ పోరు. సందులోంచి దూకబోయి, వెనక, లిఫ్టు కింద ఉన్న ఖాళీలోకి జారిపోతారు.

"కేసు తర్వాత వేద్దురుగాని బాబూ, ముందు తలుపు మీంచి చేతులు తియ్యండి," అంది అత్తయ్య. మా వాళ్ళు బయల్దేరారని చెప్పింది. నిజమే, నా మొబైల్లోంచి నేను అప్పటికే మా ఆయనకి చెప్పాను.

సరిగ్గా అప్పుడు ఆవిడ నడుము దగ్గర పంపు కూసింది.

అది మామూలు కూత కాదు. మందు తగ్గితే ఆగి ఆగి కూస్తుంది. ఇది ఆగడం లేదు. ఎర్ర దీపం. నేను వంగి చూసేసరికి తెర మీద అక్షరాలు కూడా పోయాయి. సెల్లు పెట్టే మూత తీశాను. ఒక సెల్లు కారి, తెల్లటి నురుగు గడ్డకట్టి, లోపలి స్ప్రింగుని తినేసింది.

పంపు ఆగిపోయింది.

అత్తయ్య కింద చూసింది. నా మొహం చూసింది. రిసీవరు చెవి దగ్గరే ఉంది. ఒక చేత్తో నాకు అలమార చూపించి, ఫోనులో వకీలుని ఏ కోర్టుకి వెళ్తున్నారని అడిగింది.

నేను అలమార తెరిచి స్పేరు పంపు తీశాను. బొత్తాం నొక్కాను. వెలగలేదు. మళ్ళీ నొక్కాను. మూత తీస్తే లోపల ఖాళీ. సెల్లు పెట్టే చోట బట్టతో తుడిచిన శుభ్రం. కొత్త సెల్లు ఉండాల్సిన సొరుగు కూడా ఖాళీ. అవి ఎక్కడున్నాయో నాకు ఒక్క క్షణంలో తెలిసింది. మావయ్య సంచిలో, గాలి చొరని డబ్బాలో, ఈ వానలో, ఎక్కడో ఒక లిఫ్టు గుంత పక్కన భద్రంగా పొడిగా ఉన్నాయి.

ఆస్పత్రి? వీధిలో మోకాళ్ళ లోతు నీళ్ళు. నర్సు చెప్పిన ఆ నిమిషాలు అప్పుడే కరుగుతున్నాయి.

"నాకు వినాలని ఉంది. మీరు చెప్పండి," అంటోంది అత్తయ్య. ఆవిడ మాటలు పొట్టివవుతున్నాయి. ఆవిడ ఏం చేస్తోందో అప్పుడు అర్థమైంది. తనకి ఊపిరి చాలడం లేదు. అందుకని మాట్లాడే పని అతనికి అప్పగించేసింది. అతను తన కేసు గురించి, ఎదుటి వకీలు మోసాల గురించి చెప్పుకుపోతున్నాడు. చెప్పినంతసేపూ తలుపు జోలికి పోడు. ఈవిడ మధ్య మధ్యలో ఊఁ కొడితే చాలు. మొహం సున్నంలా పాలిపోతోంది. ఊఁ మాత్రం ఏమీ జరగనట్టే, ముచ్చట వింటున్నట్టే ఉంది.

ఫోను బల్ల పక్కన మేకుకి ఆవిడ టార్చి వేలాడుతోంది. కరెంటు పోయినప్పుడు వెలిగించుకునేది. పంపుకి వేసే పెన్సిలు సెల్లే దానికీ. అది వాడకంలో ఉన్న వస్తువు. మావయ్య వాడకంలో ఉన్న వస్తువుల్లోంచి సెల్లు తియ్యరు. పైగా కొత్తవి వేస్తారు.

మూత తిప్పాను. రెండూ నా అరచేతిలో పడ్డాయి. పొడిగా, మెరుస్తూ.

అవి స్పేరు పంపులో వేసేసరికి తెర వెలిగింది. నర్సు గొంతు నా చెవిలో ఒకదాని వెనక ఒకటి చెప్తోంది. గొట్టానికున్న క్లిప్పు మూశాను. పాత పంపు నుంచి కాసెట్ విప్పాను, కొత్తదానికి తగిలించాను, తాళం తిప్పాను. డోసు అంకె చూశాను, అదే ఉంది. బొత్తాం నొక్కాను. అది కూడా కూసింది.

గొట్టం మూసుకుపోయిందా? సిరంజితో తొయ్యకూడదు. తొయ్యకూడదు. మరేం చెయ్యాలి?

అత్తయ్య నా వైపు చూడలేదు. కళ్ళు మూసుకుని వకీలు చెప్పేది వింటోంది. పెదవులు మళ్ళీ నీలంగా ఉన్నాయి. ఖాళీగా ఉన్న చెయ్యి తన గొట్టం వెంట పాక్కుంటూ వచ్చి, నేను తెరవడం మర్చిపోయిన క్లిప్పుని బొటనవేలితో తెరిచింది.

మళ్ళీ నొక్కాను. పంపు తిరిగింది. ఆకు మీద పురుగు నడిచినంత చప్పుడు.

నేను నేల మీద కూర్చుండిపోయాను. ఆవిడ పెదవుల వైపే చూస్తున్నాను. రంగు మారడం లేదు. పోయిన మందుకి బదులు కొంచెం వేగం పెంచితే? నా వేలు బొత్తాల వైపు వెళ్ళినట్టు నాకే తెలియదు. ఆవిడ రిసీవరు చేత్తోనే, ఒక్క వేలు లేపి, అడ్డంగా ఊపింది. వద్దు.

అంతే. ఎదురు చూశాం. వాన చప్పుడు, వకీలు గొంతు, పంపు. పర్వతం కదలడం చూస్తున్నట్టు నేను ఆవిడ మొహం చూశాను. మొదట చెవుల దగ్గర, తర్వాత పెదవుల అంచున, రంగు వచ్చింది. ఎవరో లోపలి నుంచి దీపం పట్టుకుని మెల్లగా మెట్లెక్కి వస్తున్నట్టు.

స్పీకరులో సుత్తి చప్పుడు, తర్వాత మా ఆయన గొంతు. వకీలు ఏడుస్తున్నాడు. మీకు నేను దణ్ణం పెట్టాలమ్మా అంటున్నాడు.

"కేసు మాత్రం గెలవండి," అంది అత్తయ్య. రిసీవరు పెట్టేసి, వెనక్కి వాలి, ఊపిరి కూడదీసుకుంది. తర్వాత నా తల మీద చెయ్యి పెట్టింది. "పాలు కూడా కాస్తావులే," అంది.

నర్సుకి ఫోను చేశాను. మందు పెంచనందుకు మెచ్చుకుంది, వీధిలో నీళ్ళు తగ్గగానే తీసుకురమ్మంది, పాడైన పంపు పారెయ్యొద్దంది. ఆ సాయంత్రమే వెళ్ళాం. డాక్టరు అంతా చూసి ప్రమాదం తప్పిందన్నాడు. ఇంకో పంపు ఇచ్చి పంపారు. మావయ్యకి చెప్పాలా అని దారిలో అడిగాను. అత్తయ్య కిటికీలోంచి బయటికి చూస్తూ, ఆయన చేతులతో ఆ పని చేయించింది ప్రేమే కదా అంది. చెప్తే ఆ చేతులు ఇక దేన్నీ ముట్టుకోలేవు అంది.

*

మేం ఇంటికి చేరేసరికి మగాళ్ళు వచ్చి ఉన్నారు. పంపు చెడితే మార్పించుకొచ్చామని చెప్పాం. మావయ్య సరేనని, సంచి దించి, తడి చొక్కా విప్పారు. అప్పుడే కరెంటు పోయింది.

చీకట్లో ఆయన అడుగులు ఫోను బల్ల దాకా వెళ్ళడం విన్నాం. టార్చి బొత్తాం టక్కుమంది. మళ్ళీ టక్కుమంది. మూత తిప్పిన చప్పుడు. తర్వాత ఏ చప్పుడూ లేదు.

కరెంటు వచ్చేసరికి ఆయన అక్కడే నిలబడి ఉన్నారు. ఒక చేతిలో ఖాళీ టార్చి, ఇంకో చేతిలో దాని మూత. అత్తయ్య నడుముకున్న పంపు వైపు చూస్తున్నారు. అత్తయ్య చీర కుచ్చిళ్ళు సర్దుకుంటోంది. ఆయన సంచిలోంచి డబ్బా తీసి, కొత్త పంపులో ముందు సెల్లు వేసి, వెలుగుతోందో లేదో చూసి, దాన్ని అలమారలో పెట్టారు. డబ్బా కూడా అక్కడే పెట్టేశారు. ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు.

మర్నాడు నేను బల్ల తుడుస్తుంటే ఆయన వంటింటి గుమ్మంలో నిలబడ్డారు. చేతులు మోచేతుల దాకా కడుక్కుని, పైకి పట్టుకుని ఉన్నారు. నీళ్ళు కారుతున్నాయి. ఏ బట్టతో తుడుచుకోవాలో తెలియలేదు కాబోలు.

"నాకూ నేర్పమ్మా," అన్నారు.

శుభ్రమైన బట్ట ఇచ్చాను. పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఎప్పుడూ గ్రీజు వాసన వచ్చే ఆ పెద్ద వేళ్ళు స్పిరిట్ వాసన వేస్తున్నాయి. టన్నుల బరువు తీగలు లాగే చేతులు ఆ బొటనవేలంత సీసాని ఎలా పట్టుకోవాలో తెలియక తడుముకున్నాయి. గిలక్కొట్టకూడదని చెప్పాను. అరచేతుల మధ్య తిప్పారు, పిట్టపిల్లని తిప్పినట్టు. పొడి కరిగింది. సీసాలో ఏమీ లేనట్టు, వట్టి వెలుగు మాత్రం ఉన్నట్టు అయింది. మావయ్య దాన్ని కిటికీ వైపు ఎత్తి చూశారు. ఆయన పెదవులు ఏదో అడగబోయి ఆగాయి. మాట్లాడకూడదని అప్పటికే చెప్పాను.

అత్తయ్య మంచం మీద దిండుకి ఆనుకుని ఆయన్నే చూస్తోంది. ఎత్తిపొడవడానికి ఆవిడ దగ్గర ఎన్ని మాటలున్నాయో నాకు తెలుసు. ఒక్కటీ తియ్యలేదు.

ఆయన సిరంజిలో మందు ఎక్కిస్తున్నప్పుడు ముందు గదిలో ఫోను మోగింది. అన్నం ముందు కూర్చున్నా, జ్వరంలో ఉన్నా, ఆ మోతకి లేవని రోజు ఆయన జీవితంలో లేదు. ఫోను మోగుతూనే ఉంది. మా ఆయన పరిగెత్తి వెళ్ళి ఎత్తే చప్పుడైంది.

మావయ్య తల ఎత్తలేదు. సిరంజిని కళ్ళకి దగ్గరగా పట్టుకుని, గోటితో మెల్లగా తడుతూ, చివరి బుడగ పైకి వచ్చేదాకా చూస్తున్నారు.